మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి చుట్టుపక్కల మన తెలుగు క్యాంపుల్లో సాయంత్రాలు మారిపోతాయి. నిన్నటిదాకా చీకటి పడగానే వైన్‌షాపు దారి పట్టినవాళ్లు నల్లబట్టలు కట్టుకుని, తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం చేసి, పీఠం ముందు నిలబడి శరణుఘోష చెబుతుంటారు. కొందరు అంజనాద్రి కొండకని హనుమాన్ మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. ఊళ్లో చిన్నపిల్లాడి దగ్గర్నుంచి సర్పంచి దాకా అందరూ ‘స్వామీ’ అనే పిలుస్తారు. శబరిమల వెళ్లి ఇరుముడి సమర్పించి, ఇంటికొచ్చి మాల తీస్తారు. తాగుడు అలవాటు ముదిరినవాళ్లలో చాలామంది ఆ మర్నాడు సాయంత్రమే మళ్లీ సీసా మూత తిప్పుతారు. ఇంట్లో ఆడవాళ్లు అది చూసి, ‘దేవుడంటే భయం కూడా నలభై రోజులేనా’ అని నిట్టూరుస్తారు.

నేను మాత్రం ఆ నలభై ఒక్క రోజులను చాలా గౌరవంగా చూస్తాను. అన్ని రోజులు ఆగగలిగిన మనిషికి ఆగడం చేతకాదని ఎవరూ అనలేరు. మరి మాల తీశాక ఏమైంది? దేవుడు ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లిపోయినవి వేరే ఉన్నాయి. తెల్లవారుజామున లేవాలన్న నియమం పోయింది. సాయంత్రం ఆరింటికి వెళ్లి కూర్చునే చోటు పోయింది. పక్కన కూర్చునే పదిమంది ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మనసు లాగినప్పుడు చెప్పుకోవడానికి ఉన్న గురుస్వామి వచ్చే ఏడాది దాకా కనపడడు. ‘స్వామి మాలలో ఉన్నాడు, పిలవకూడదు’ అని జంకిన స్నేహితుడు ఇప్పుడు ‘రా బావా’ అని ఇంటి ముందే బండి ఆపుతున్నాడు. రంజాన్ నెలంతా ఆగినవాళ్లకైనా, శ్రమల కాలం నలభై రోజులు ఆగినవాళ్లకైనా జరిగేది ఇదే.

కాబట్టి తాగుడు మానేసి ఏళ్లకేళ్లు నిలబడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నమ్మకం గుండెలో పుట్టేదాకా ఎదురుచూడకండి. ముందు దానికి రోజులో ఒక వేళ, ఊళ్లో ఒక చోటు, పక్కన ఒక మనిషి ఏర్పాటు చేయండి. గుండెలోకి అది తర్వాత వస్తుంది. చాలామందికి బాగా ఆలస్యంగానే వస్తుంది.

దీక్ష మాట ఎత్తాను గనుక ప్రాణానికి సంబంధించిన ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతుల వణుకు తగ్గడానికి ఇంత పోసుకునేవాళ్లు, మాల వేసుకుంటున్నామనో ఒట్టు వేశామనో ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. ఆఖరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేనివాళ్లతో మాట్లాడతారు. ‘స్వామి ఆవహించాడు’ అనో ‘గాలి సోకింది’ అనో ఇంట్లో కూర్చోబెడితే మనిషి దక్కకపోవచ్చు. ఇది ఆసుపత్రిలో మందులతో దాటాల్సిన గండం. ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని ఊళ్లో డాక్టరు గ్లూకోజు సీసా ఎక్కిస్తానంటే, బి1 విటమిను ఇంజెక్షను ఇచ్చారా అని అడగండి. ఏళ్ల తరబడి తాగిన శరీరంలో ఆ విటమిను అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

కల్లు తాగేవాళ్లకూ ఇదే జాగ్రత్త. కల్తీ కల్లులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు పిచ్చిచూపులు చూసేవాళ్లతో, ఫిట్స్ వచ్చినవాళ్లతో నిండిపోయాయి. కృష్ణ దాటితే ఇటువైపు మనమే. పొలం పనులకు వెళ్లొచ్చి ఒళ్లునొప్పులకని కల్లు తాగే ఆడవాళ్లు కూడా మనలో ఉన్నారు. వాళ్లు సిగ్గుతో డాక్టరుకు చెప్పరు. చెప్పాలి.

రాయచూరు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. మరీ చిక్కు కేసులకు బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. మత్తు మానాలనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం, టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. 2019లో విడుదలైన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో తాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందుతోంది. మిగతా ముప్ఫై ఏడుగురు బాగుపడరని ఆ లెక్క చెప్పడం లేదు. వాళ్లు ఆసుపత్రి గడప తొక్కలేదని మాత్రమే చెబుతోంది. ‘వీడు మారడు’ అని ఊరు తేల్చేసిన మనిషికి చాలాసార్లు అసలు ఒక్కసారి కూడా వైద్యం జరిగి ఉండదు.

అన్నంలో కలిపి ‘తెలియకుండా తాగుడు మాన్పించే’ పొడుల జోలికి మాత్రం వెళ్లకండి. డైసల్ఫిరామ్ అనే మందు నిజంగానే ఉంది. అది లోపల ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు పరీక్ష చేసి, తాగే మనిషికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాక ఇవ్వాల్సిన మందు అది. భార్య దొంగచాటుగా కూరలో కలిపితే జరిగే నష్టం శరీరానికే కాదు. ఆ ఇంట్లో ఒకరినొకరు నమ్మడం అక్కడితో ఆఖరు.

ఇక ఒట్టు సంగతి. మంత్రాలయంలో బృందావనం ముందు, గాణధాళ పంచముఖి ఆంజనేయుడి ముందు, బిడ్డ తల మీద చెయ్యిపెట్టి, ‘జన్మలో ముట్టను’ అని ఒట్టు వేసినవాళ్లు ఎంతమందో. ఆ క్షణంలో ఆ మాట నిజమే, అబద్ధమాడడం లేదు. కానీ జన్మ అనేది చాలా పెద్దది. ఆ ఒట్టు ఒకనాటి సాయంత్రం తప్పుతుంది. తప్పాక, ‘ఎలాగూ దేవుడి ముందు పాపిని అయిపోయాను’ అన్న దిగులు మిగతా సీసా కూడా తాగిస్తుంది. కాబట్టి ఒట్టును కుదించుకోండి. ఈ పూట తాగను. రాత్రి పడుకునేదాకా తాగను. పొద్దున లేచి మళ్లీ అదే మాట దేవుడికి చెప్పుకోండి. రోజూ దీపం పెట్టే ఇంట్లో రోజూ ఒట్టు వేసుకోవడం పెద్ద బరువేం కాదు.

మొదటి మూడు నెలలు అందరూ పక్కన ఉంటారు. మామగారు ఫోన్ చేస్తారు, ఊరు మెచ్చుకుంటుంది. ఒళ్లు కూడా సహకరిస్తుంది. కాలేయంలో పేరుకున్న కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది, ఆకలి పుడుతుంది, ముఖంలో కళ వస్తుంది. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. రెండో ఏడు, మూడో ఏడు. మెచ్చుకునేవాళ్లు ఉండరు, మానేయడం మామూలు సంగతి అయిపోయింది. అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. నిద్ర నెలల తరబడి, కొందరికి ఏడాది దాటినా, సరిగా పట్టదు. ఏ పని చేసినా చప్పగా ఉంటుంది. ‘తాగినప్పుడే నయం, కాసేపన్నా నవ్వేవాడిని’ అనిపిస్తుంది. ఆశ సన్నగిల్లేది ఇక్కడే. పుస్తకాలు, ఉపన్యాసాలు మాట్లాడనిది కూడా ఈ కాలం గురించే.

ఇది ఎంతకాలం అంటే, జార్జ్ వేలంట్ అనే అమెరికా మానసిక వైద్యుడు తాగుడు నుంచి బయటపడ్డవాళ్లను దశాబ్దాల పాటు వెంబడించి గమనించాడు. ఐదేళ్లు పూర్తిగా ఆగినవాళ్లు మళ్లీ పడిపోవడం అరుదని ఆయన తేల్చాడు. ఐదేళ్లంటే నిరుత్సాహపడకండి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఇక్కడికొచ్చిన మన పెద్దలు సర్కారు తుమ్మ కొట్టి, రేగడి చదును చేసి, తేళ్ల మధ్య పాకల్లో పడుకుని, ఎన్ని కార్ల పంట చూశాక ఈ నేల వరి పండింది? తాగుడు మానిన మనసు కూడా ఆ రేగడి లాంటిదే. మొదటి కారు దిగుబడి చూసి తిరుగు రైలెక్కిన వాళ్లు ఈ జిల్లాలో పొలం చేయలేకపోయారు.

ఈ నడిమి సంవత్సరాల్లో ఒక్కో సాయంత్రాన్ని ఎలా దాటాలో దగ్గరగా చూద్దాం. వరి కోత మిషను పొద్దున్నే మడిలో దిగింది. మధ్యాహ్నానికి ధాన్యం ట్రాక్టరెక్కింది, తూకమైంది. దళారీ లెక్కకట్టి డబ్బు చేతిలో పెట్టాడు. సాయంత్రం ఐదున్నర. పొద్దున తిన్న రెండు ఇడ్లీలు తప్ప కడుపులో ఏమీ లేదు. ఒళ్లంతా నూగు, దురద. తరుగు ఎక్కువ తీశాడని దళారీ మీద కోపం. పక్కన ఎవరూ లేరు. జేబులో నోట్ల కట్ట. క్రాస్ రోడ్డు దగ్గర వైన్‌షాపు లైట్లు వెలిగాయి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగూ ఒకేసారి కలిసిన చోట ఎంత గట్టి భక్తుడి మనసైనా జారుతుంది. ఆ గంటలో ప్రార్థన ఒక్కటే చాలదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఆ గంటను ముందురోజే కాచుకోవాలి. డబ్బు చేతికి వద్దు, బ్యాంకు ఖాతాలో వేయమని దళారీకి ముందే చెప్పాలి. భార్యనో, పెద్ద కొడుకునో తూకానికి వెంట తీసుకెళ్లాలి. నాలుగింటికే అన్నం తినాలి. ఆరింటికి ఎక్కడ ఉండాలో పొద్దున్నే తెలిసి ఉండాలి. గుళ్లో భజన కావచ్చు, మసీదులో నమాజు కావచ్చు, చర్చిలో కూడిక కావచ్చు, మానేసినవాళ్ల సమావేశం కావచ్చు. నాకైతే ఆ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది.

కర్ణాటకలో మనకు ఒక సదుపాయం ఉంది. ధర్మస్థల గ్రామాభివృద్ధి యోజన వాళ్లు ఊళ్లలో మద్యవర్జన శిబిరాలు పెడతారు. కల్యాణమండపంలోనో బడిలోనో సుమారు వారం రోజులు తాగేవాళ్లందరినీ ఒకచోట ఉంచి భోజనం, యోగా, భజన, మాటలతో మాన్పిస్తారు. ఆఖరున భార్యాబిడ్డలను పిలిపిస్తారు. శిబిరం గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, నా దృష్టిలో దాని ప్రాణం ఆ తర్వాత నడిచే నవజీవన సమితిలో ఉంది. శిబిరం నుంచి వచ్చినవాళ్లు క్రమం తప్పకుండా కలుసుకుంటారు. వెళ్లడం మానేసినవాళ్లు ముందు పడిపోతారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలదీ అదే పద్ధతి. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇలాంటి సంఘాల మీద జరిగిన 27 అధ్యయనాలను 2020లో కోక్రేన్ సంస్థ పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ దారి మిగతా చికిత్సలకు తీసిపోదని, చాలాచోట్ల మెరుగని తేలింది.

దేవుడి మీద నమ్మకం లేనివాళ్లు ఇక్కడ అడుగుతారు, మా సంగతేమిటని. అనానిమస్ సంఘం మొదటి పుస్తకం 1939లో అచ్చయింది. అది రాసేటప్పుడు దేవుడి మాట మీద సభ్యుల్లో పెద్ద గొడవే జరిగింది. జిమ్ బర్‌వెల్ అనే నాస్తికుడు పట్టుబట్టాడు. చివరికి ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకు అన్న ఒప్పందానికి వచ్చారు. మీకు రాఘవేంద్రస్వామి కావచ్చు, అల్లా కావచ్చు, ఏసుప్రభువు కావచ్చు, ఏ దేవుడూ లేకపోతే ఆ గదిలో కూర్చున్న పదిమందే కావచ్చు. ‘నా ఒక్కడి బలంతో అయ్యే పని కాదు’ అని ఒప్పుకోవడం మాత్రం అందరికీ తప్పదు.

భక్తి ఉన్నవాళ్లకు ఈ జిల్లాలోనే ఒక చోటు చూపిస్తాను. కృష్ణానది మధ్య లంకలో కురువపురం. మక్తల్ వైపు నుంచి పంచదేవ్‌పహాడ్ దాకా వచ్చి నది దాటి వెళతారు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు ఇక్కడికి వచ్చి తపస్సు చేశారని సంప్రదాయం. ఆ లంకకు సంబంధించి గురుచరిత్రలో ఒక కథ ఉంది. మందబుద్ధి కొడుకును పెట్టుకుని, ఊరి హేళన భరించలేక, ఒక తల్లి కొడుకుతో సహా కృష్ణలో దూకబోతుంది. శ్రీపాదులు ఆపుతారు. కొడుకు తల మీద చెయ్యి పెడతారు. ఆ మహిమను మాత్రమే చెప్పుకుని చాలామంది ఊరుకుంటారు. ఆయన ఆ తల్లికి శనిప్రదోష పూజ విడవకుండా చేసుకొమ్మని కూడా చెప్పారు. చావు దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన మనిషికి ఆయన ఇచ్చింది అనుగ్రహంతో పాటు ఒక నియమం. అది కూడా బతికినంత కాలం చేసుకునే నియమం. ఏటి ఒడ్డుదాకా వెళ్లి వచ్చిన తాగుబోతులు నాకు తెలుసు. వాళ్లతో ఈ కథ చెబుతాను.

ఇంట్లోవాళ్ల నమ్మకం మాట చెప్పకపోతే ఈ అధ్యాయం సగమే. ‘ఆరు నెలలు మానేశాను, అయినా నా భార్య నా జేబులు వెతుకుతోంది’ అని నొచ్చుకునేవాళ్లు ఉంటారు. వెతకనివ్వండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లను తలచుకోండి. ఆ ఉద్యమం పాకి 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి రెండేళ్లకే సడలిపోయింది. కర్ణాటకలో 2007 జులై 1న సారాయి ఆపేశారు. దాని బదులు చీప్ లిక్కరు ప్యాకెట్లు కిరాణా కొట్ల దాకా వచ్చాయి. 2019 జనవరిలో మద్యనిషేధం కావాలని చిత్రదుర్గ నుంచి బెంగళూరుకు సుమారు రెండు వందల కిలోమీటర్లు నడిచిన వేలమందిలో రాయచూరు జిల్లా ఆడకూలీలు ఎందరో ఉన్నారు. ఆశ అంటే ఏమిటో వాళ్ల కాళ్లను అడగాలి. మీ భార్య మీ కన్నా ఎక్కువ ఏళ్లుగా ఆశ పెట్టుకుని, ఎక్కువసార్లు మోసపోయిన మనిషి. ఆమెను నమ్మమని అడగకండి. వచ్చిన కూలి, వచ్చిన పంట డబ్బు ఆమె ముందు పెట్టండి. తీర్చిన బాకీ పుస్తకంలో రాసి చూపించండి. ఆరింటికి వస్తానంటే ఆరింటికి రండి. ఆమె జేబులు వెతకడం ఒకరోజు మానేస్తుంది. ఆ రోజు ఎప్పుడన్నది ఆమె ఇష్టం.

మధ్యలో ఒకసారి తాగేస్తే? ఇక్కడ చరిత్ర మనకు తోడు వస్తుంది. 1935 మేలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఒక హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. వ్యాపారం బెడిసికొట్టింది. మానేసి ఐదు నెలలే. బార్ లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అతను బార్‌లోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, చర్చి ఫాదర్ల నంబర్లు వెతికి, ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా, అతనితో మాట్లాడాలి అని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కన్నా ఉండనని వచ్చిన డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. ఆ తర్వాత కొద్దివారాలకే ఒక వైద్య సదస్సుకు వెళ్లి బాబ్ మళ్లీ తాగాడు. తిరిగొచ్చి అతను ఆఖరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10నే, ఆ ఇద్దరి నుంచి మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. తప్పు జరిగితే అదే రాత్రి ఎవరికైనా ఫోన్ చేయండి. ‘రేపు చెబుతాను’ అంటే ఆ రేపు నెల దాటిపోతుంది.

ఆ బిల్ విల్సనే, మానేసి పదేళ్లకు దగ్గరవుతుండగా, 1944 నుంచి ఏళ్లపాటు తీవ్రమైన డిప్రెషన్‌తో మంచం పట్టాడు. లక్షలమందికి ఆశ పంచిన మనిషి. అతను మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాడు, సాయం తీసుకున్నాడు, ఆ చీకట్లోనూ తాగలేదు. 1971లో చనిపోయేదాకా తాగలేదు. కాబట్టి పూజ చేస్తున్నా దిగులు తగ్గకపోతే మీ భక్తిలో లోపం వెతకకండి. డాక్టరును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ గంటలోనే 14416కి ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి.

ఇన్నేళ్లలో నేను చూసిన ఒక సంగతితో ఇక్కడికి ఆపుతాను. ఐదేళ్లు, పదేళ్లు నిలబడ్డవాళ్లలో దాదాపు అందరూ ఇంకో తాగుబోతు దగ్గరికి వెళ్లి కూర్చునే అలవాటున్నవాళ్లే. అది పుణ్యం కోసం కాదు, వాళ్ల మందు అది. మీకు ఏడాది దాటితే మీరూ వెళ్లండి. ఆసుపత్రి మంచం మీద కొత్తగా చేరినవాడు కనపడితే స్టూలు లాక్కుని పక్కన కూర్చోండి. నీతులు చెప్పకండి. నీ భార్యాబిడ్డల ముఖం చూడు అనకండి, ఆ మాట అతను వెయ్యిసార్లు విన్నాడు. మీకు చేతులు ఎలా వణికేవో, సీసా ఎక్కడ దాచేవారో, ఫలానా పెళ్లిలో ఏం చేశారో చెప్పండి. అతను నవ్వితే నవ్వనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. లేచి వచ్చేటప్పుడు మీ ఫోన్ నంబరు రెండు కాగితాల మీద రాసి, ఒకటి అతని దిండు కింద పెట్టి, ఇంకోటి గుమ్మం దగ్గర నిలబడ్డ అతని భార్య చేతికివ్వండి. రాత్రి ఎన్ని గంటలకైనా చెయ్యమ్మా అని చెప్పండి.